ఏ రచనను ఎట్లు చదువవలెను?

బాలబాలికలారా! మీరు అక్షరాభ్యాసము చేసి తొమ్మిదేండ్లు కావచ్చినది. గుణింతములను, ఒత్తులను దాటి వచ్చితిరి. పద్యమును పదవిభాగము చేసి చదువగలరు. వార్తాపత్రికను తాతగారికి చదివి వినిపింపగలరు. కావున "మాకు చదువుట వచ్చును" అని మీరనుకొనుట సహజమే. కాని అక్షరములను చదువుట ఒక విద్య. ఆ అక్షరములు ఏ జాతి రచనలోనివో గుర్తించుట మఱియొక విద్య. మొదటిది మీకు అలవడినది. రెండవది ఇప్పుడు అలవఱచుకొనవలసియున్నది. ఆ రెండవ విద్య ఎంత విలువకలదో నాకు తెలిపిన యొక సంగతిని ముందుగా చెప్పెదను.

నేనొక గ్రామమున ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడనుగా నున్న దినములవి. ఒకనాటి సాయంకాలము బడి విడిచిన పిమ్మట, తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు తన తండ్రిని వెంటబెట్టుకొని నా గదికి వచ్చెను. ఆయన చిన్నకారు రైతు. చేతిలో మడతపెట్టిన స్టాంపు కాగితము లుండెను. చేనిలో బోరు వేయించుటకై ఒకరివద్ద అప్పు పుచ్చుకొనవలసివచ్చినదట. అప్పిచ్చువారు కాగితములు వ్రాయించి పంపి, మఱునాడు పట్టణమునకు వచ్చి సంతకము చేయుమని కబురుచేసిరట. రైతునకు సంతకము తప్ప మఱియేమియు వ్రాయుటకును, చదువుటకును రాదు. ఇరుగుపొరుగువారిలో నొకరు ఆ కాగితములను చూచి, "పేర్లు సరిగానున్నవి, మొత్తము సరిగానున్నది, భయము లేదు" అని చెప్పిరి.

బాలునకు మాత్రము సందేహము తీఱలేదు. "మాస్టారూ! నాయన పుచ్చుకొనుచున్నది అప్పు కదా! ఇందులో వడ్డీ మాట ఎక్కడను లేదు. తిరిగి చెల్లించు మాట లేదు. మా చేనికి నాలుగు దిక్కుల హద్దులు మాత్రము వ్రాసియున్నవి. అప్పు కాగితములో హద్దులెందుకండీ?" అని అడిగెను.

నేను కాగితములను విప్పి చదివితిని. బాలుని సందేహము సరియైనదే. ఇచ్చిపుచ్చుకొనుటలకు సంబంధించిన పత్రములలో ముఖ్యముగా మూడు తెగలున్నవి. ప్రామిసరీ నోటు చిన్న కాగితము. "నేను తమవద్ద ఇంత మొత్తము పుచ్చుకొంటిని, తాము కోరినప్పుడు అసలును, వడ్డీని కలిపి చెల్లింపగలవాడను" అని అందుండును, రెవిన్యూ స్టాంపుపై సంతకముండును. తనఖా దస్తావేజులో భూమి హద్దులుండును గాని, బాకీ తీరినపుడు భూమి తనఖానుండి విడుదలయగునను మాటయు నుండును. విక్రయ దస్తావేజు తీరు వేఱు. "సొమ్ము పూర్తిగా ముట్టినది, భూమిని స్వాధీనపఱచితిని, ఇకమీదట మీరును మీ వారసులును సర్వహక్కులతో అనుభవింపగలరు" అని అందుండును. చివర చెక్కుబందీ, అనగా నాలుగు హద్దుల వివరము, ఉండును. రైతు చేతిలోనున్నది ఈ మూడవ తెగకు చెందిన పత్రము. పేర్లు సరియే, అంకెలు సరియే. పత్రము మాత్రము అప్పు పత్రము కాదు.

ఆ మాట చెప్పగా రైతు నిర్ఘాంతపోయెను. "వడ్డీ సంగతి నోటిమాటగా అనుకొంటిమండీ. బాకీ తీరినపుడు కాగితములు చింపివేయుదుమనిరి. కాగితము ఏదైన నొకటే యనుకొంటిని" అనెను. సంతకము చేయుటకు ముందు పట్టణమున న్యాయవాదికి చూపుడని చెప్పి పంపితిని. ఆయన అట్లే చేసెను. మఱునాడు సంతకము చేయలేదు.

ఆ బాలుడు న్యాయశాస్త్రము చదువలేదు. అంతకు నెలదినముల ముందు మా తెలుగు పండితులు వారి తరగతిలో లేఖారచన పాఠము చెప్పిరి. స్నేహితునకు వ్రాయు జాబును, అధికారికి వ్రాయు అర్జీని, సొమ్ము ముట్టినట్లు వ్రాసియిచ్చు రసీదును నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాయించి, ఒకదానిలో ఉండవలసినదేది, ఉండగూడనిదేది అని పిల్లలచేతనే చెప్పించిరి. మార్కుల కొఱకు చదివిన ఆ పాఠమే ఆ యింటికి అక్కఱకు వచ్చినది. "ఇందులో ఉండవలసినది ఏల లేదు? ఉండనక్కఱలేనిది ఏల ఉన్నది?" అని బాలుడు తనంత తాను అడిగికొనగలిగెను.

మూడు ప్రశ్నలు

రచనలకుగల ఈ తెగలనే పెద్దలు ప్రక్రియలందురు. కావ్యము, శతకము, నాటకము, కథానిక, నవల, యాత్రాచరిత్ర, స్వీయచరిత్ర, వ్యాసము, శాసనము, లేఖ, వార్త, నిఘంటువు - ఇవి యన్నియు ప్రక్రియలే. పూర్వము సంతలో కొలతసాధనములు పలువిధములుగా నుండెడివి. పాలను తవ్వతో కొలిచెడివారు. బట్టను గజముతో కొలిచెడివారు. బట్టను తవ్వతో కొలువబోవువానిని చూచి నవ్వెడివారు. చదువులో మాత్రము అట్టి పొరపాటు తఱచుగా జరుగుచున్నను ఎవరును నవ్వరు. ఏలయన అది పైకి కనబడదు.

ఏ రచన చేతికి వచ్చినను మీరు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఒకటి: దీనిని ఎవరు, ఎవరికొఱకు వ్రాసిరి? రెండు: ఏ పనికొఱకు వ్రాసిరి? మూడు: ఇందలి మాటలను ఏ విధముగా నమ్ముమని నన్ను అడుగుచున్నారు? మొదటి రెండును సులభముగా తెలియును. మూడవది కొంత ఆలోచింపవలసినది. దానిని ఒక ఉదాహరణముతో వివరించెదను.

ఒక గండి, అయిదు రచనలు

ఒక ఊరి పెద్దచెరువునకు వానకాలమున రాత్రివేళ గండి పడినదని ఊహించుడు. గ్రామోద్యోగి పైయధికారికి నివేదిక వ్రాయును: "12వ తేది రాత్రి సుమారు 2 గంటలకు తూమునకు ఉత్తరమున 30 అడుగుల మేర కట్ట తెగినది. 140 ఎకరముల వరి మునిగినది. ప్రాణనష్టము లేదు." వార్తాపత్రిక మఱునాడు "పెద్దచెరువునకు గండి, 140 ఎకరముల పైరు నీటిపాలు" అని పెద్దయక్షరములతో ప్రకటించును. ఆ ఊరి తల్లి యొకతె అత్తవారింటనున్న కూతునకు జాబు వ్రాయును: "అమ్మాయీ! మనయింటిలోనికి నీరు రాలేదు. నీవు నాటిన మల్లెతీగ మాత్రము కొట్టుకొనిపోయినది. నీవు బెంగపెట్టుకొనవద్దు." రైతులందఱు కలిసి కలెక్టరుగారికి అర్జీ పెట్టుకొందురు: "గండిని వెంటనే పూడ్పించి, మాకు నష్టపరిహార మిప్పింప ప్రార్థన." కొన్నాళ్ళకు కథకుడొకడు ఆ సంగతిని కథగా నిట్లు మొదలుపెట్టును: "ఆ రాత్రి రంగమ్మకు నిద్రపట్టలేదు. చెరువులో కప్పల అఱపు ఒక్కసారిగా ఆగిపోయినది."

జరిగినది ఒకటే, రచనలు అయిదు. నివేదికలో మల్లెతీగ లేదు. అది నివేదికకు లోపము కాదు. జాబులో ఎకరముల లెక్క లేదు. అది జాబునకు లోపము కాదు. అర్జీలో కప్పల సంగతి వ్రాసినచో అధికారి దానిని ప్రక్కకు నెట్టివేయును. కథలో కప్పలు అఱపు మానినవని చదివినపుడు మనకు ఒళ్ళు జలదరించును. నిజముగా ఆ రాత్రి కప్పలు అఱచినవా, మానినవా అని విచారింప నెవ్వరును పోరు. రంగమ్మ యిల్లు ఏ వీథిలోనున్నదని అడుగరు. కాని నివేదికలో 140 ఎకరములని యున్నచోట నిజముగా 40 ఎకరములే యున్నయెడల అది తప్పు; తెలిసి వ్రాసినచో నేరము.

మూడవ ప్రశ్న అనగా ఇదియే. నివేదిక "కొలిచి చూడుడు, నేను చెప్పినంతయే ఉండును" అనును. కథ "ఇట్లు జరుగవచ్చునని నాతో కూడ ఊహింపుడు" అనును. జాబు "నేను నీ తల్లిని, నన్ను నమ్ముము" అనును. ప్రతి ప్రక్రియయు చదువరితో చేసికొనిన యొక ఒడంబడిక. ఆ ఒడంబడికను ఎఱుగక చదివినయెడల కథను అబద్ధమందుము, లేదా అబద్ధమును నివేదిక యనుకొందుము.

రాతిమీద పాఠము

చెరువు మాట వచ్చినది కనుక, చెరువును గూర్చియే చెక్కిన యొక నిజమైన రచనను చూతము. కడప సీమలో పోరుమామిళ్ళ యను ఊరు కలదు. అచటి పెద్దచెరువు విజయనగర రాజుల కాలమున నిర్మింపబడినది. మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు ఉదయగిరినుండి ఆ ప్రాంతమును పాలించుచుండెను. భవదూరుడు అని అతనికి మఱియొక పేరు. అతడు ఆ చెరువును త్రవ్వించి, ఆ సంగతిని 1369వ సంవత్సరమున రెండు రాతిపలకలపై చెక్కించెను. భాష సంస్కృతము; లిపి తెలుగు.

ఈ శాసనమును మొదటినుండి తుదివఱకు ఒకే రీతిగా చదువరాదు. ఇందు పలు ప్రక్రియలు ఒకదానిప్రక్క నొకటి కూర్చున్నవి. మొదట దేవతాస్తుతి. తరువాత జలదానము వలని పుణ్యమును గూర్చిన మాటలు. అటుపిమ్మట రాజవంశ వర్ణనము, రాజుయొక్క పొగడ్త. ఈ పొగడ్తలను ప్రశస్తి యందురు. ప్రశస్తిలో రాజు సకలగుణ సంపన్నుడు, శత్రువులకు కాలుడు, యాచకులకు కల్పవృక్షము. ఏ రాజు శాసనమును చూచినను ఇంచుమించుగా ఇవే పోలికలు కనబడును. వీనిని కొలిచి చూడుమని శాసనకర్త మనల నడుగలేదు. ఆనాటివారు రాజున ఏ గుణములను కోరుకొనిరో మాత్రము వీనివలన తెలియును.

తరువాతి భాగము చదువరిని ఆశ్చర్యపఱచును. అందు మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములు వరుసగా చెప్పబడినవి. ధర్మబుద్ధికల రాజు, జలశాస్త్ర మెఱిగిన పండితుడు, గట్టి బంకనేల, తీయని నీటినితెచ్చు నది, చెరువునకు ఆనుకొనిన కొండలు, ఆ కొండల నడుమ మిక్కిలి పొడవుకాని దృఢమైన రాతికట్ట, లోతును వైశాల్యమునుగల గర్భము, నిడుపైన మంచి రాళ్ళు దొరకు గని, దాపున చదునైన సారవంతమగు పొలములు, పనియందు ఆఱితేరిన కూలీల సమూహము - ఇట్టివి ఆ పట్టికలోనివి. పిమ్మట ఆరు దోషములు: కట్టనుండి నీరు ఊరుట, చవుడునేల, రెండు రాజ్యముల పొలిమేరలో ఉండుట, చెరువు నడుమ మిట్టయుండుట, నీరు కొంచెమై ఆయకట్టు విస్తారమగుట, నేల కొంచెమై నీరు విస్తారమగుట.

ఇది స్తుతి కాదు, శాస్త్రము. దీనిని చదువవలసిన తీరు వేఱు. "ఇది సరియా? నేటికిని పనికివచ్చునా?" అని పరీక్షించి చదువవలెను. నేటి ఇంజనీరు ఆ ఆరు దోషములను చూచి తల యూపును. మూడవ దోషమును మఱల చదువుడు. రెండు రాజ్యముల పొలిమేరలో చెరువు కట్టరాదట! నీటికొఱకు ఎగువవారును, దిగువవారును తగవులాడుట మనకు క్రొత్తకాదు. ఆఱువందల యేబది సంవత్సరములకు ముందే యొకరు ఆ సంగతిని గ్రహించి, నేల గుణముతోబాటు దానినిగూడ దోషముల పట్టికలో చేర్చిరి.

ఆ తరువాత మఱియొక భాగము. కట్ట పొడవు, వెడల్పు, ఎత్తు ఇంతింత అని కొలతలు చెప్పబడినవి. చెరువునకును, కట్టకును దినమునకు వేయిమంది కూలీలు పనిచేసిరనియు, రాళ్ళను చేరవేయుటకు నూఱు బండ్లు నడచెననియు, పని ముగియుటకు రెండేండ్లు పట్టెననియు చెప్పబడినది. ఇది నివేదిక. ఇందలి వేయి, నూఱు అనునవి గుండు లెక్కలు. ఒకటి రెండు తగ్గినను, హెచ్చినను అచ్చెరువు లేదు. అయినను ఇది జరిగిన పనికి వ్రాసిపెట్టిన లెక్క. చరిత్రకారుడు దీనిని జాగ్రత్తగా తూచి స్వీకరించును.

ఇప్పుడు ఆలోచింపుడు. ఈ శాసనమునంతయు పొగడ్తయని త్రోసిపుచ్చినచో ఏమగును? వేయిమంది కూలీల రెండేండ్ల చెమట, ఒక జలశాస్త్రజ్ఞుని యనుభవము మనకు దక్కకుండ పోవును. అంతయు అక్షరాల సత్యమని స్వీకరించినచో ఏమగును? రాజును నిజముగా కల్పవృక్ష మనుకొనవలసివచ్చును. ఒకే రాతిపై నున్నను ఏ భాగమును ఏ తీరుగా చదువవలెనో ఎఱిగినవానికే ఆ రాయి మాటలాడును.

వినువారినిబట్టి రచన

తెలుగుభాషకు శాసనములే తొలి నెలవులు. క్రీస్తుశకము 575 ప్రాంతమున ఎఱికల్ ముత్తురాజు ధనంజయుడను రేనాటిచోడుడు వేయించిన కలమళ్ళ శాసనము గద్యములో నున్నది. ఇంతవఱకు దొరకిన తెలుగు శాసనములలో దానినే మొదటిదిగా పండితులు పరిగణించుచున్నారు. 848 ప్రాంతమునాటి అద్దంకి శాసనమున తరువోజ పద్యము కనబడుచున్నది. దానము స్థిరముగా నిలువవలెనను కోరిక రాతిని వెదకినది. కీర్తి నాలుకలపై నిలువవలెనను కోరిక పద్యమును వెదకినది. పనినిబట్టి రచనయొక్క రూపము ఏర్పడుననుటకు ఇది సాక్ష్యము.

పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయభట్టారకుడు భారతమును పద్యగద్యములు కలిసిన చంపూరూపమున ఆరంభించెను. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో రచించెను. రెండేసి పాదములతో సాగు ద్విపద పాడుకొనుటకు అనువైనది. పండితుల సభలోనే కాక సామాన్య భక్తుల నోటను తన కావ్యము నిలువవలెనని సోమనాథుని తలంపు. ఛందస్సును చూచి కవి యెవరిని ఎదుట నుంచుకొని వ్రాసెనో ఊహింపవచ్చును.

శతకము తీరు మఱియొకటి. అందు నూఱు, లేదా నూటయెనిమిది పద్యములుండుట పరిపాటి. అన్నిటికిని తుద నొకే మకుట ముండును. సుమతీశతకము కందపద్యములలో నున్నది. వేమన పద్యములు పెక్కు ఆటవెలదులు. కథలోవలె ఒక పద్యము మఱియొక పద్యమునకు కొనసాగింపు కాదు. ప్రతి పద్యమును తన కాళ్ళపై తాను నిలుచును. అందువలననే శతకమును ఒక్క బిగిని చదివి ముగించుట కంటె, దినమునకొక పద్యమును నేర్చి నెమరువేయుట మేలు. ఒక పద్యము వేఱొక పద్యముతో పొసగనట్లు తోచినను తొందరపడరాదు. వేర్వేఱు సందర్భములకు వేర్వేఱు మందులు.

కావ్యములలో నగరవర్ణనము వచ్చును. మేడలు చంద్రమండలమును తాకుచున్నవని కవి యనును. "ఇది అబద్ధము కాదా?" అని ప్రతి సంవత్సరము ఎవరో యొక విద్యార్థి నన్నడుగుచుండెడివాడు. అబద్ధమనగా ఎదుటివానిని మోసపుచ్చుటకు చెప్పినది. మేడను చంద్రుడు తాకునని కవియు నమ్మలేదు. మనము నమ్మవలెననియు కోరలేదు. అది అతిశయోక్తి యను అలంకారము. దస్తావేజులో "ఈ చేను చంద్రునివఱకు ఉన్నది" అని వ్రాసినచో మాత్రము అది మోసమే.

పాత్ర మాట, రచయిత మాట

నాటకమును చదువుటలో మఱియొక జాగ్రత్త కావలెను. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో మొదటిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడినది. ఆయన దానిని మిక్కిలి పెంచి, మార్చి 1909లో మరల ప్రకటించిరి. అందు గిరీశమను పాత్ర కలదు. అతడు సంఘసంస్కరణమును గూర్చి గొప్ప యుపన్యాసములు చేయును. ఆ మాటల చాటున తన పనులను చక్కబెట్టుకొనును. ఆ పలుకులను విడదీసి "ఇవి గురజాడవారి యభిప్రాయములు" అని వ్రాసినచో ఎంత పొరపాటు! నాటకమున రచయిత తానుగా మాటలాడడు. పాత్రలు మాటలాడును, వానిలో ఏది నిజమో, ఏది బూటకమో ప్రేక్షకుడే తేల్చుకొనవలెను. గురజాడవారే 1910లో "దిద్దుబాటు" అను కథానికను ప్రకటించిరి. అందును తీర్పు చెప్పు భారము చాలవఱకు చదువరిదే.

యాత్రాచరిత్రలో దీనికి భిన్నముగా రచయిత తానే మన ముందునకు వచ్చి నిలుచును. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమున సుప్రీముకోర్టులో దుబాసిగా పనిచేసిరి. ఆయన 1830వ సంవత్సరము మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. దారిలో చూచిన ఊళ్ళు, మజిలీలు, నదులు, సత్రములు, మనుష్యుల నడవడి మొదలగువానిని వ్రాసి తన మిత్రులైన శ్రీనివాసపిళ్ళగారికి పంపుచుండిరి. ఒక మిత్రునికొఱకు వ్రాసిన ఆ వ్రాతలే 1838లో "కాశీయాత్రచరిత్ర" యను పేర అచ్చుపడి లోకమున కంతటికిని ఉపయోగపడినవి. రైలుబండి మన దేశమున నడువకముందు వారణాసికి పోవుట యెట్టిదో తెలిసికొనగోరువారికి అది ప్రత్యక్షసాక్షి. ఇట్టి గ్రంథమును చదువునపుడు రచయిత కన్నులార చూచినదేది, ఇతరులు చెప్పగా వినినదేది అని వేఱుచేసికొనవలెను. చూచినదానికి సాక్షి ఆయన. వినినదానికి సాక్షులు వేఱొకరు.

నేటి వ్రాతలు

ఇంతవఱకు పాత రచనల సంగతి చెప్పితిని. మీ కాలమున వ్రాతలు ఇంకను పెరిగినవి. వార్తాపత్రికనే చూడుడు. మొదటిపుటలో వార్త యుండును. లోపుటలో సంపాదకీయ ముండును. ప్రక్కనే ప్రకటన ముండును. వార్త జరిగినదానిని చెప్పును. సంపాదకీయము జరిగినదానిపై అభిప్రాయమును చెప్పును. ప్రకటనము ఒక వస్తువును కొనుమని చెప్పును. ఒక్కొక్కప్పుడు ప్రకటనము వార్తవలె వేషము వేసికొని కూర్చుండును. అదే అచ్చు, అదే శీర్షిక. మూలలో ఎక్కడనో చిన్న అక్షరములతో "ప్రకటన" అని యుండును. ఆ చిన్న మాటను చూడనివాడు నూనెసీసా గొప్పతనమును వైద్యుని మాటగా నమ్మును.

సెల్‌ఫోనులలో తిరుగు సందేశముల సంగతి ఇంకను చిక్కైనది. జాబునకు పైన ఊరు, తేది యుండును, క్రింద సంతకముండును. అర్జీకి దస్తఖతు ఉండును. వార్తకు పత్రిక పేరుండును. తప్పు వ్రాసినచో అడుగుటకు ఒక మనిషి యుండును. ఒకరినుండి మఱియొకరికి దొరలివచ్చు సందేశమునకు తఱచుగా ఊరు లేదు, తేది లేదు, సంతకము లేదు. "ఫలానా ఆకు నమిలిన ఫలానా రోగము మూడు దినములలో పోవును, పదిమందికి పంపుడు" అని యుండును. అది వైద్యశాస్త్రమా? వార్తయా? కథయా? హాస్యమా? అది తానెవరో చెప్పదు. కాని శాస్త్రమువలె నమ్ముమని అడుగును. ఎవరు వ్రాసిరో, ఎందుకు వ్రాసిరో తెలియని వ్రాతను నమ్మి మందు మానివేసినవాడు నష్టపోవునది సొమ్ముమాత్రమే కాదు. మూడు ప్రశ్నలకును బదులు దొరకని సందేశమును మీదగ్గఱనే ఆపివేయుడు. పదిమందికి పంపకుండుటయు ఒక మంచి పనియే.

ముగింపు

ఇదంతయు విని, "ప్రతిదానిని అనుమానించి చదువవలెను కాబోలు" అని మీరనుకొనవద్దు. నేను చెప్పినది అనుమానమును గూర్చి కాదు, మర్యాదను గూర్చి. ఇంటికి వచ్చిన అతిథి ఎవరో తెలిసికొని తగిన పీట వేయుట మర్యాద. కథ వచ్చినపుడు మనసు విప్పి దానివెంట నడువుడు, లెక్కలు అడుగవద్దు. శాస్త్రము వచ్చినపుడు కాగితము, కలము పట్టుకొని కూర్చుండుడు. శతకపద్యము వచ్చినపుడు నోటికి నేర్చుకొనుడు. దస్తావేజు వచ్చినపుడు ప్రతిమాటను వ్రేలు పెట్టి చదువుడు. అర్థముకానిది అడుగక సంతకము చేయవద్దు.

ఆ తొమ్మిదవ తరగతి బాలుడు ఇప్పుడు పెద్దవాడై, పిల్లలు కలవాడైనాడు. అతని తండ్రి ఆ సంవత్సరము వేఱొకచోట, నోటు వ్రాసి, వడ్డీకి అప్పు తెచ్చి, మూడు పంటలకు తీర్చివేసెను. కొంతకాలము క్రిందట ఆ ఊరికి పోయినపుడు, ఆ చేనిగట్టున నన్ను కూర్చుండబెట్టి వేరుసెనగకాయలు కాల్చి పెట్టిరి. నాలుగు హద్దులును చూపి, "ఇవేనండీ ఆనాడు మావాడు చదివిన హద్దులు" అని ఆ తండ్రి నవ్వెను. కాగితముపై నేను చదివిన చెక్కుబందీ నా కన్నులయెదుట పచ్చగా నుండెను.

ప్రశ్నలు

1. రైతు చేతిలోని పత్రము అప్పు పత్రము కాదని బాలుడు ఏ గుర్తులనుబట్టి సందేహించెను?

2. ఏ రచనను చదువునపుడైనను వేసికొనవలసిన మూడు ప్రశ్నలేవి?

3. పోరుమామిళ్ళ శాసనమునగల భిన్న ప్రక్రియలను పేర్కొని, ఒక్కొక్కదానిని ఎట్లు చదువవలెనో వ్రాయుడు.

4. అతిశయోక్తికిని, అబద్ధమునకును భేదమేమి?

5. మీ ఊరిలో ఇటీవల జరిగిన యొక సంగతిని తీసికొని, దానిని నివేదికగాను, జాబుగాను, కథారంభముగాను మూడు విధముల వ్రాయుడు. ఒకదానిలో నుండి మఱియొకదానిలో లేనివేవో గుర్తింపుడు.

6. మీ యింటిలోనున్న ఏవైన మూడు పత్రములను పెద్దల యనుమతితో చూచి, అవి ఏ తెగకు చెందినవో, ఏ గుర్తులనుబట్టి చెప్పగలిగితిరో వ్రాయుడు.